మూడేళ్లలో 164 జంప్‌లు: స్కైడైవింగ్ నేర్చుకోవడానికి ఎక్కడ చేరాలి?

మొన్న శనివారం నా లాగ్‌బుక్‌లో రాసుకున్న జంప్ నంబరు 164. మొదటి పదకొండూ ఒక స్కూల్లో, మిగతావన్నీ ఇంకో స్కూల్లో చేశాను. డాలస్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "టాండెం (ఇన్‌స్ట్రక్టర్‌కి కట్టుకుని కలిసి దూకడం) చేశాం, చాలా నచ్చింది. సొంతంగా దూకడం నేర్చుకోవాలనుంది, ఎక్కడ చేరమంటారు?" అని అడుగుతుంటారు. ఫోన్లో పది నిమిషాల్లో తేలే సంగతి కాదిది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. స్కూళ్ల పేర్లు మాత్రం చెప్పను. ఇన్‌స్ట్రక్టర్లు మారుతుంటారు, ఓనర్లు మారుతుంటారు. మూడేళ్ల కిందట నాకు జరిగిందే ఇవాళ చేరేవాళ్లకీ జరుగుతుందని అనలేను. ఏం చూసుకోవాలో తెలిస్తే మీకు దగ్గర్లో ఉన్నవాటిలో మీరే ఎంచుకోగలరు.

నా గురించి రెండు ముక్కలు. మాది తెనాలి. వయసు 36, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, బరువు 52 కిలోలు. ఈ బరువు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

అమెరికాలో ఈ వ్యవహారమంతా యూఎస్‌పీఏ, అంటే యునైటెడ్ స్టేట్స్ పారాచూట్ అసోసియేషన్, పెట్టిన పద్ధతిలో నడుస్తుంది. ఇన్‌స్ట్రక్టర్ పర్యవేక్షణ లేకుండా దూకాలంటే 'A' అనే లైసెన్స్ ఉండాలి. దానికి కనీసం 25 జంప్‌లు కావాలి. వాటిలో అయిదు వేరేవాళ్లతో కలిసి గాల్లో చేసినవై ఉండాలి. అనుకున్న చోటికి 20 మీటర్ల లోపల అయిదుసార్లయినా దిగి చూపించాలి. పారాచూట్ సొంతంగా మడవడం రావాలి, రాత పరీక్ష పాసవ్వాలి. అక్కడికి చేరడానికి ఇప్పుడు ఎక్కువమంది వెళ్లే దారి ఏఎఫ్ఎఫ్, అంటే యాక్సిలరేటెడ్ ఫ్రీఫాల్. ఇందులో మొదటి జంపే పూర్తి ఎత్తు నుంచి ఉంటుంది. ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చెరోపక్క మనల్ని పట్టుకుని దూకుతారు. నాలుగో లెవెల్ నుంచి ఒక్కరే వస్తారు. పాత పద్ధతి స్టాటిక్ లైన్ ఇంకా కొన్నిచోట్ల ఉంది. అందులో తక్కువ ఎత్తునుంచి దూకగానే విమానానికి కట్టిన తాడే పారాచూట్‌ని తెరుస్తుంది.

నేను చేసిన పొరపాటు ఇది. మొదటి స్కూలు ఏడు లెవెళ్ల ప్యాకేజీ ఇచ్చింది. పక్క స్కూలు కన్నా 400 డాలర్లు తక్కువని వెంటనే కట్టేశాను. ఏడు అయ్యాక 25 దాకా ఇంకా పద్దెనిమిది జంప్‌లు ఉన్నాయి కదా, అవి ఎవరు నేర్పుతారు అని ఒక్కసారి కూడా అడగలేదు. స్కూలు ఎంచుకునేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న అదేనని ఇప్పుడు గట్టిగా నమ్ముతాను. మిగతావన్నీ దాని తర్వాతే.

అక్కడ నేలమీద చెప్పిన ఆరు గంటల క్లాసు నిజంగా బాగుంది. మొదటి జంప్ కూడా అంతే. తలుపు తెరవగానే వచ్చిన ఆ హోరులో నేర్చుకున్నదంతా ఎగిరిపోతుందేమోనని భయపడ్డాను, కానీ దూకాక నా కళ్లముందుకు ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి వచ్చింది. రెండు వేళ్లు చాచి చూపించారు, కాళ్లు చాపమని. చాపాను. ఊగడం ఆగింది. మణికట్టు మీద ఎత్తు చూపే ఆల్టిమీటర్ ముల్లు 6,000 అడుగులు దాటి కిందికి వస్తుంటే చూపుడువేలు కనబడింది, లాగమని. లాగాను. ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దాన్ని ఇంకోసారి వినాలనే ఈ మూడేళ్లూ తిరుగుతున్నాను.

ఇబ్బంది నాలుగో లెవెల్లో మొదలైంది. అప్పటికి నాతో దూకినవాళ్లు నలుగురు మారారు. ఒకరు కాళ్లు ఇంకా చాపమన్నారు, ఇంకొకరు చాలా చాపేశావు, ముడవమన్నారు. నాలుగో లెవెల్‌కి వచ్చినాయన నా లాగ్‌బుక్ విమానంలోనే మొదటిసారి తెరిచారు. 90 డిగ్రీలు తిరిగి ఆగాల్సినదాన్ని ఆగలేక గిరగిరా తిరిగాను. ఫెయిల్. మళ్లీ చేయడానికి ఇంకో 220 డాలర్లు. ఏం తప్పు చేశానో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, వాళ్లకి తర్వాతి టాండెం కస్టమర్లు ఎదురుచూస్తున్నారు. ఫ్రిస్కోలో ఉన్న విండ్ టన్నెల్‌కి (కింద నుంచి కొట్టే గాలిలో తేలుతూ సాధన చేసే చోటు) వెళ్లి ఇరవై నిమిషాలు కొనుక్కున్నాను. అక్కడి కోచ్ అయిదు నిమిషాల్లో పట్టేశారు: నా ఎడమ కాలు కుడికాలి కంటే ఎక్కువ ముడుస్తున్నాను. అంతే! టన్నెల్ వల్ల లాభం అది. కింద పడేటప్పుడు ఒంటిని ఎలా పెట్టాలో బాగా వస్తుంది. కానీ పారాచూట్ తెరుచుకున్నాక చేయాల్సిన దాంట్లో ఒక్క ముక్క కూడా అక్కడ రాదు.

ఇప్పుడు బరువు దగ్గరికి వద్దాం. మన అమ్మాయిలు చాలామంది నా సైజులోనే ఉంటారు కాబట్టి ఇది కాస్త ఎక్కువ రాస్తాను. స్టూడెంట్లకి ఇచ్చే పారాచూట్లు పెద్దవి. నాకు ఇచ్చింది 230 చదరపు అడుగులది. సామానుతో కలిపి నేను 145 పౌండ్లు, అంటే చదరపు అడుగుకి 0.63 పౌండ్లే. అంత తేలిగ్గా ఉంటే మెల్లగా దిగుతాం, మంచిదే. కానీ గాలికి ఎదురు వెళ్లే బలం ఉండదు. స్టూడెంట్లకి గాలి పరిమితి గంటకి 14 మైళ్లు. నేలమీద 13 ఉన్నప్పుడు పైన ఇంకా ఎక్కువే ఉంటుంది. ఆరో జంప్‌లో గాలికి ఎదురు తిరిగి చూస్తే, కింద రోడ్డు నా కాళ్ల కింద నుంచి ముందుకు జరుగుతోంది. అంటే నేను వెనక్కి పోతున్నాను. చివరికి పక్కనున్న పశువుల మేతబీడులో దిగాను. దెబ్బలేం తగల్లేదు, ఆవులు కూడా బెదరలేదు. కానీ 90 కిలోల మనిషికి సరిపోయే గాలి నాకు సరిపోదని ముందే చెప్పాల్సింది. అలాగే హార్నెస్, అంటే పారాచూట్‌ని ఒంటికి కట్టే పట్టీలు కూడా. భుజాల దగ్గర పట్టీలన్నీ చివరిదాకా బిగించినా నాకు వదులే. మీరు సన్నగా, పొట్టిగా ఉంటే డబ్బు కట్టకముందే, "నా సైజు హార్నెస్ ఎన్ని ఉన్నాయి? ఒకసారి తొడిగి చూపిస్తారా?" అని అడగండి. తొడగడానికి విసుక్కునే చోట చేరకండి.

ఏడో లెవెల్ అయ్యాక చప్పట్లు కొట్టి, సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ తర్వాతి అయిదు శనివారాలూ వెళ్లడం, కూర్చోవడం, తిరిగి రావడం. గాలి ఉంటే నన్ను పంపరు, అది సరైనదే. గాలి లేని రోజున కోచ్ ఉండరు, అందరూ టాండెంల మీద ఉంటారు. లైసెన్స్ రానివాళ్లకి 30 రోజులు గడిస్తే మళ్లీ ఇన్‌స్ట్రక్టర్‌తో ఒక రిఫ్రెషర్ జంప్ చేయాలి. దానికి మళ్లీ డబ్బు. నాలుగు నెలల్లో నా లెక్క పదకొండు దగ్గర ఆగిపోయింది. మా ఆయన ఏమీ అనలేదు గానీ, ఇంకో నెల అలాగే గడిచుంటే నేనే మానేసేదాన్ని. ఏడుకీ ఇరవై అయిదుకీ మధ్య ఇలా జారిపోయినవాళ్లు నాకు తెలిసి చాలామందే ఉన్నారు. వాళ్లెవరికీ భయం వేసి కాదు. పట్టించుకునే మనిషి లేక ఆగిపోయారు.

రెండో స్కూలు మా ఇంటికి 110 కిలోమీటర్లు. ఈసారి డబ్బు కట్టకముందు ఒక శనివారం పొద్దుట్నుంచి సాయంత్రందాకా ఊరికే కూర్చుని చూశాను. ఎవరైనా చేయగలిగిన పని ఇది, చాలా ఉపయోగం. దిగే మైదానం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోండి. స్టూడెంట్ దిగాక ఇన్‌స్ట్రక్టర్ ఎటు వెళ్తున్నారో చూడండి. నేను చూసినరోజు ఒకావిడ తన స్టూడెంట్‌ని మైదానంలోనే ఆపి, వేలితో గాల్లో గీసి, ఎక్కడ తిరిగావు, ఎక్కడ తిరగాల్సింది అని పదిహేను నిమిషాలు మాట్లాడింది. మధ్యాహ్నం గాలి పెరిగితే ఒక అబ్బాయికి ఇవాళ్టికి వద్దని చెప్పారు. ఎందుకో గాలి మీటర్ చూపించి మరీ చెప్పారు. ఆ రెండూ చూసి చేరిపోయాను.

అక్కడ 25 జంప్‌ల దాకా అన్నిటికీ కలిపి ఒకటే ఫీజు. ఇద్దరే ఇన్‌స్ట్రక్టర్లు నన్ను చివరిదాకా చూసుకున్నారు. ప్రతి జంప్‌కీ ఫ్రీఫాల్లో, అంటే పారాచూట్ తెరవకముందు పడేటప్పుడు చేయాల్సింది ఒకటి, పారాచూట్ కింద చేయాల్సింది ఒకటి ఇచ్చేవారు. మొదటి స్కూల్లో ఈ రెండోది దాదాపు లేనే లేదు. నా మాట నమ్మండి, అసలు చదువంతా ఆ రెండోదాంట్లోనే ఉంది. ఫ్రీఫాల్ నిమిషం లోపే. పారాచూట్ కింద అయిదారు నిమిషాలు ఒంటరిగా ఉంటాం. తీవ్రమైన ప్రమాదాలు చాలావరకు బాగా తెరుచుకున్న పారాచూట్ కిందే, నేలకి దగ్గరగా తప్పుగా తిరగడం లాంటి పొరపాట్లవల్ల జరుగుతాయి. ఎంత ప్రమాదమని అడిగేవాళ్లకి ఒక లెక్క: 2023లో అమెరికాలో సుమారు 36.5 లక్షల జంప్‌లు జరిగితే 10 మంది చనిపోయారని యూఎస్‌పీఏ చెప్పింది. నాకున్న నిబ్బరం ఈ అంకెలవల్ల రాలేదు, నేర్పినవాళ్లవల్ల వచ్చింది.

పదిహేడో జంప్‌లో అది తెలిసింది. పారాచూట్ తెరుచుకుంది కానీ తాళ్లు జడలా నాలుగు మెలికలు పడ్డాయి. తల ఎత్తి పూర్తిగా చూడలేకపోయాను. ఆల్టిమీటర్ 4,200 అడుగులు చూపిస్తోంది. ఆ స్కూల్లో ప్రతి ఉదయం దూకేముందు పైకప్పు నుంచి వేలాడే హార్నెస్‌లో కూర్చోబెట్టి ఇదే చేయించేవారు: తాళ్లు రెండు పక్కలకీ విడదియ్యి, కాళ్లతో తన్ను, ఎత్తు చూసుకో, 2,500 దగ్గర తేలకపోతే కుడివైపు ఎర్ర పిడి లాగి ఆ పారాచూట్‌ని వదిలెయ్యి, తర్వాత ఎడమవైపు వెండిరంగుది లాగి రిజర్వ్, అంటే రెండో పారాచూట్ తెరువు. అప్పుడు బుర్ర ఆలోచించలేదు, చేతులే చేసుకుపోయాయి. 3,300 దగ్గర చివరి మెలిక విడిపోయింది. దిగాక నా మోకాళ్లు వణికాయి. ఇన్‌స్ట్రక్టర్ మంచినీళ్లు ఇచ్చి, "ఎత్తు ఎన్నిసార్లు చూశావు?" అని మాత్రం అడిగారు. మూడుసార్లన్నాను. అయితే సరే అన్నారు.

పన్నెండో జంప్ తర్వాత నాకు లెక్కవేసి 190 చదరపు అడుగుల పారాచూట్‌కి మార్చింది కూడా ఆయనే. వెనక్కి కొట్టుకుపోవడం చాలావరకు తగ్గింది.

విమానం కూడా చూసుకోండి. చిన్న సెస్నా అయితే నలుగురే ఎక్కగలరు, మామూలుగా 10,000 అడుగుల దగ్గర దింపుతారు. ట్విన్ ఆటర్ లాంటిదైతే 13,500 దాకా వెళ్తుంది. స్టూడెంట్ 5,500 దగ్గర పారాచూట్ తెరవాలి కాబట్టి, మొదటిదాంట్లో మీకు దొరికేది అరనిమిషం లోపు, రెండోదాంట్లో దాదాపు 48 సెకన్లు. అదే లెవెల్, అదే డబ్బు. అయినా నేర్పే మనిషి మంచివాడైతే నేను సెస్నాకే ఓటేస్తాను. ఇంకోటి, రిజర్వ్ పారాచూట్‌ని ప్రతి 180 రోజులకీ లైసెన్స్ ఉన్న రిగ్గర్ (పారాచూట్లు తనిఖీ చేసి మడిచే నిపుణుడు) విప్పి మడవాలి. ఆ తేదీ రాసిన కార్డు పారాచూట్ సంచిలోనే ఉంటుంది. చూపించమని అడగండి. మనం స్పృహ తప్పినా తనంతట తానే రిజర్వ్ తెరిచే సైప్రెస్ లాంటి పరికరం ఉందో లేదో కూడా అడగండి. మంచి స్కూలు ఈ ప్రశ్నలకి సంతోషిస్తుంది.

రెండో స్కూల్లో నచ్చనివీ ఉన్నాయి. వీడియోకి విడిగా డబ్బు తీసుకుంటారు. ఆగస్టులో ఆ విమానంలో కూర్చుంటే ఆవిరిలో ఇడ్లీలా ఉడికిపోతాం. వసంతకాలం వారాంతాల్లో టెక్సస్ గాలికి సగం రోజులు వృథా, ఇది ఏ స్కూల్లోనైనా తప్పదు. వీలుంటే సెప్టెంబరు చివర్లో మొదలుపెట్టి, ఒక వారం సెలవు పెట్టి వరసగా చేయండి. లైసెన్స్ వచ్చేసరికి నాకు మొత్తం 4,600 డాలర్లయింది. నేరుగా ఇక్కడే చేరి ఉంటే 3,400లో అయిపోయేది. జీవిత బీమా ఫారంలో స్కైడైవింగ్ గురించి అడుగుతారు, నిజమే రాయండి.

పోయిన అక్టోబరులో మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. అప్పటిదాకా ఈ విషయం వింటేనే దండం పెట్టేది. ఒక్కసారి చూడమని తీసుకెళ్లాను. మైదానం పక్కన కూర్చుని నేనూ, నా ముందు ఒక కొత్త కుర్రాడూ దిగడం చూసింది. నేను దగ్గరికి రాగానే, "ఏమే, దిగేటప్పుడు రెండు చేతులూ ఒక్కసారి కిందికి గుంజావెందుకు?" అంది.

"అదేనమ్మా బ్రేకు. అలా చేస్తేనే మెల్లగా దిగుతాం."

"మరి ఆ పిల్లాడు పైనుండగానే గుంజేశాడే, పాపం. అందుకే కూలబడ్డాడు."

పక్కనున్న మా ఇన్‌స్ట్రక్టర్‌కి ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ఆ కుర్రాణ్ణి పిలిచి, కింద నుంచి తీసిన వీడియో ఫోన్లో పెట్టి, ఎక్కడ గుంజాలో ఆపి చూపించమని అమ్మ చేతికిచ్చారు. అమ్మ కళ్లజోడు సర్దుకుని, రెండుసార్లు చూసి, మూడోసారి వేలు పెట్టి ఆపింది. సరిగ్గా పది అడుగుల ఎత్తులో.