మిస్టరీ షాపింగ్ పని, దాని ముసుగులో సాగే మోసాలు: కొన్నేళ్ల అనుభవంతో సమీక్ష

నేను కొన్నేళ్లుగా మిస్టరీ షాపింగ్ చేస్తున్నాను. మామూలు కొనుగోలుదారులాగా ఒక దుకాణానికో, హోటలుకో, బ్యాంకుకో వెళ్లి, సిబ్బంది పలకరింపు మొదలుకొని బిల్లు చేతికి వచ్చేదాకా జరిగినదంతా గమనించి, ఆ వ్యాపార సంస్థ తరఫున పరిశీలన జరిపే కంపెనీకి రిపోర్టు రాసి ఇవ్వడమే ఈ పని. పక్క ఆదాయంగా దీనికి అయిదింట మూడు మార్కులు వేస్తాను. ఒక మార్కు తగ్గించింది శ్రమకు తగిన డబ్బు రానందుకు, ఇంకొకటి ఈ పని పేరు చెప్పుకొని తిరిగే మోసగాళ్ల బెడద వల్ల. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ రెండో మార్కు గురించే ఉంటుంది, ఎందుకంటే అసలు పని ఎలా సాగుతుందో తెలియని వారికి నకిలీని పసిగట్టడం చాలా కష్టం.

అసలు పనిలో చేరడానికి రుసుము ఉండదు. వివరాలు నింపి, స్వతంత్ర కాంట్రాక్టరుగా ఒప్పందానికి అంగీకరిస్తే, కంపెనీ వెబ్‌సైటులో అప్పటికి ఖాళీగా ఉన్న పనుల జాబితా కనిపిస్తుంది. వాటిలో అనువైన దానికి దరఖాస్తు పెట్టుకోవాలి, పనులు పంచే కంపెనీ ఉద్యోగి, అంటే షెడ్యూలర్, మనకు కేటాయిస్తేనే వెళ్లాలి. వెళ్లే ముందు పేజీలకు పేజీల సూచనలు చదవాలి, కొన్ని పనులకు వాటి మీద చిన్న పరీక్ష కూడా రాయాలి. ఎంతసేపు వరుసలో నిలుచున్నాం, ఎవరు ఏమని పలకరించారు, అడిగిన ప్రశ్నకు ఏం జవాబిచ్చారు అన్నవన్నీ గుర్తుపెట్టుకొని, రసీదు ఫొటోతో సహా సాధారణంగా ఒక రోజులోపు రిపోర్టు పంపాలి. ఎడిటరు దాన్ని చదివి అనుమానాలుంటే తిప్పి పంపుతారు. చెల్లింపు మాత్రం నెల, నెలన్నర, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా వస్తుంది. పైగా ఒకసారి చూసి వచ్చిన చోటికి కొన్ని నెలలపాటు మళ్లీ పంపరు. ఇలాంటి పనిని ఉద్యోగం అనడమే సరికాదు కనుక, వారానికి ఇంత జీతం ఖాయమని ఎవరైనా రాస్తే ఆ ఉత్తరాన్ని అక్కడితో మూసేయవచ్చు.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. నిజమైన పనిలో డబ్బు నడిచే దారి ఒక్కటే: మొదట మనం మన జేబులోంచి చిన్న మొత్తం ఖర్చు పెడతాం, ఆ ఖర్చుకు పరిమితి ముందే రాసి ఉంటుంది, రిపోర్టు ఆమోదం పొందాక ఆ ఖర్చూ పారితోషికమూ కలిపి వస్తాయి. మోసంలో ఈ వరుస తలకిందులవుతుంది. పని మొదలుకాకముందే పెద్ద మొత్తానికి చెక్కు చేతికి వస్తుంది, లేదా పని దక్కాలంటే ముందుగా కంపెనీకే డబ్బు కట్టమంటారు. ముక్కూ మొహం తెలియని మనిషికి వేలకు వేలు ముందుగా పంపి, మిగతాది నమ్మకం మీద వదిలేసే కంపెనీ నాకు ఇంతవరకు తగల్లేదు. నాతో ఎంతో కాలంగా పని చేయించుకుంటున్న కంపెనీలు సైతం రసీదు స్పష్టంగా కనిపించకపోతే పైసా ఇవ్వవు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది చెక్కు మోసం. చెక్కును మీ ఖాతాలో వేసుకొని, అందులో కొంత మీ పారితోషికంగా ఉంచుకొని, మిగిలినదాన్ని డబ్బు బదిలీ సంస్థ ద్వారా ఫలానా వ్యక్తికి పంపి, ఆ సంస్థ సేవ ఎలా ఉందో రాయమంటారు. అమెరికాలో 2009లో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెట్టిన కేసులో, డబ్బు బదిలీ చేసే మనీగ్రామ్ సంస్థ 1 కోటి 80 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ఆ సంస్థ ఏజెంట్ల ద్వారా డబ్బు చేతులు మారిందని కమిషన్ చెప్పిన మోసాలలో దొంగ లాటరీలతో పాటు ఈ రహస్య కొనుగోలుదారు పథకమూ ఉంది. ఇప్పుడు బదిలీకి బదులు గిఫ్టు కార్డులు కొనిపించడం ఎక్కువైంది. కార్డు వెనక ఉన్న అంకెలను గీకి ఫొటో తీసి పంపమంటారు, పంపిన నిమిషాల్లో కార్డు ఖాళీ అవుతుంది. దుకాణంలో సేవను పరిశీలించడానికి ఆ అంకెలతో ఎవరికీ ఏ అవసరమూ ఉండదు.

ఈ వలలో చదువుకున్నవారూ పడటానికి కారణం బ్యాంకు లెక్క. అమెరికా లాంటి చోట్ల చెక్కు వేసిన ఒకటి రెండు రోజులకే ఆ మొత్తమో, అందులో కొంతో ఖాతాలో కనబడుతుంది, తీసుకోవడానికి వీలవుతుంది. అంతమాత్రాన చెక్కు చెల్లినట్టు కాదు. నకిలీ చెక్కుల మీద నిజమైన బ్యాంకుల పేర్లు, కొన్నిసార్లు నిజమైన ఖాతా నంబర్లు అచ్చువేస్తారు కనుక, అది దొంగదని తేలి తిరిగి రావడానికి వారాలు పట్టవచ్చు. అప్పుడు బ్యాంకు మొత్తం సొమ్మును మన ఖాతాలోంచే వెనక్కి తీసుకుంటుంది, పంపేసిన డబ్బు మన నెత్తిన పడుతుంది. ఇరవై నాలుగు గంటల్లో పని పూర్తి చేయకపోతే పేరు తీసేస్తామని తొందరపెట్టేది అందుకే: చెక్కు తిరిగి వచ్చేలోపు డబ్బు మన చేతులు దాటిపోవాలి.

ఇందులో నాకు అన్నిటికన్నా తెలివైనదిగా కనిపించేది గోప్యతను వాడుకునే తీరు. ఈ పని నిజంగానే రహస్యంగా చేయవలసినది, దుకాణంలో మనమెవరో చెప్పకూడదు. మోసగాడు ఆ నియమాన్ని పట్టుకొని బ్యాంకు గుమాస్తాకూ, ఇంట్లోవాళ్లకూ ఏమీ చెప్పవద్దంటాడు. ఇన్ని కార్డులు ఎందుకని కౌంటరులో అడిగితే పుట్టినరోజు కానుకలని చెప్పమని నేర్పుతాడు. మనల్ని ఆపగలిగిన మనుషులందరి నోళ్లనూ ఉద్యోగధర్మం పేరుతో ముందే మూయిస్తాడన్నమాట. నేను చేసే ఏ పనిలోనూ నా సొంత బ్యాంకుకు అబద్ధం చెప్పమని ఎవరూ అడగలేదు.

పేర్లు చూసి నమ్మడం కూడా కుదరదు. అసలు కంపెనీల పేర్లు, చిహ్నాలు, చివరికి వాటి షెడ్యూలర్ల పేర్లు సైతం ఉత్తరాల్లో వాడుతుంటారు. ఇలాంటి కంపెనీలు కలిసి 1998లో ఏర్పరచుకున్న ఎంఎస్‌పీఏ అనే సంఘం పేరును కూడా వదలలేదు. ఆ సంఘం స్వయంగా ఎవరినీ పనిలోకి తీసుకోదు, కనుక దాని పేరుతో వచ్చే నియామకపు ఉత్తరం ఏదైనా నకిలీదే. అయితే సభ్య కంపెనీల జాబితా సంఘం వెబ్‌సైటులో దొరుకుతుంది. ఉత్తరంలో ఇచ్చిన లింకు నొక్కకుండా, ఆ జాబితా ద్వారా కంపెనీ సైటుకు వెళ్లి, అక్కడున్న చిరునామాకు రాసి అడగడమే నేను పాటించే పద్ధతి. మనం దరఖాస్తు చేయకుండానే ఎంపికయ్యామని వచ్చినదానికి ఆ శ్రమ కూడా అక్కర్లేదు.

సర్టిఫికెట్టు కొనమనేవారు, పనుల జాబితా అమ్ముతామనేవారు వేరే రకం. నష్టం చిన్నదే కానీ వచ్చేదేమీ లేదు, ఆ సమాచారం ఉచితంగానే దొరుకుతుంది.

ఈ మధ్య ఎక్కువగా కనిపిస్తున్నది మెసేజింగ్ యాప్‌లలో నడిచే టాస్కుల మోసం. హోటళ్లకు రేటింగ్ ఇవ్వాలని, వీడియోలకు లైకులు కొట్టాలని మొదలుపెట్టి, తొలి రోజు చిన్న మొత్తాన్ని నిజంగానే చెల్లిస్తారు. తరవాత పెద్ద టాస్కు తెరుచుకోవాలంటే మన డబ్బు కట్టాలంటారు. తెర మీద లాభం పెరుగుతూనే ఉంటుంది, తీసుకోబోతే మాత్రం పన్ను కట్టాలనో, ఖాతా స్తంభించిందనో మెలిక పెడతారు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఈ రకం ఫిర్యాదులు 2020లో ఒక్కటీ రాలేదు, 2023లో సుమారు 5,000 వచ్చాయి, 2024 మొదటి ఆరు నెలల్లోనే దాదాపు 20,000 వచ్చాయి. దీన్ని మిస్టరీ షాపింగ్ అని పిలిచినా, ఎక్కడికీ వెళ్లకుండా, ఏదీ చూడకుండా ఇచ్చే రేటింగుతో ఏ వ్యాపారికీ ప్రయోజనం లేదన్నది ఈ పని చేసేవారికి వెంటనే తడుతుంది.

చెక్కు ఇప్పటికే ఖాతాలో వేసి ఉంటే, ఆ డబ్బు ముట్టుకోకుండా బ్యాంకుకు వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాలి. కార్డుల అంకెలు పంపేసి ఉంటే కార్డు జారీ చేసిన సంస్థకు, బదిలీ చేసి ఉంటే బదిలీ సంస్థకు ఆ గంటలోనే ఫోను చేయాలి, కొన్నిసార్లు మిగిలినదాన్ని ఆపగలుగుతారు. కార్డులను, రసీదులను, చెక్కు వచ్చిన కవరును పారేయకుండా పోలీసు ఫిర్యాదుకు జతచేయాలి. పోయిన డబ్బు రాబట్టి పెడతామని ఆ తరవాత ఫోను చేసి రుసుము అడిగేవారు చాలావరకు అదే ముఠావారో, వారి దగ్గర మన నంబరు కొన్నవారో అయి ఉంటారు, వారికి జవాబివ్వకూడదు.