పుర్రె తెరవకుండా ఎలుక మెదడులో ఆక్సిజన్ కొలవాలంటే ఏది మేలు?

పక్షవాతం మీద ఎలుకల్లో పరిశోధన మొదలుపెడుతున్న విద్యార్థిని ఒకామె విశాఖ బీచ్ రోడ్డులో ఈ ప్రశ్న వేసింది. ఎదురుగా కురుసుర జలాంతర్గామి కనబడుతోంది, దానితోనే మొదలుపెట్టాను.

నీటిలో వెలుగు ఎక్కువ దూరం పోదు, చప్పుడు పోతుంది. కణజాలంలోనూ దాదాపు అంతే. ఫొటోఅకౌస్టిక్ పద్ధతి కిటుకు ఇదే: క్షణమాత్రపు లేజర్ మెరుపును రక్తం పీల్చుకుని, రవ్వంత వేడెక్కి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు అల్ట్రాసౌండ్‌గా బయటికొస్తుంది. రెండు మూడు రంగుల లేజర్లతో విని పోలిస్తే ఏ రక్తనాళంలో ఆక్సిజన్ ఎంత శాతముందో తేలుతుంది. పటం ముచ్చటగా ఉంటుంది, ఖర్చే ముచ్చటగా ఉండదు. పైగా తల మీద పూసిన జెల్‌లో ఒక్క గాలి బుడగ మిగిలినా ఆ చోట చిత్రం చీకటే.

రక్తంలో ఆక్సిజన్ మారితే ఎమ్మారై సంకేతమూ మారుతుంది, దాన్ని చూసేదే బోల్డ్ పద్ధతి. దాన్ని 1990లో సెయిజి ఒగావా బృందం ఎలుకల్లోనే చూపించింది. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ అయస్కాంతానికి స్పందిస్తుంది కనుక మెదడు అట్టడుగు వరకూ మార్పు కనబడుతుంది. అయితే ఆ సంకేతంలో రక్తప్రవాహం, రక్తం పరిమాణం కూడా కలిసే ఉంటాయి. ఆక్సిజన్ పెరిగిందో తగ్గిందో ఊహించవచ్చు, ఎంతో చెప్పలేం. ఎలుక కదలకూడదని ఐసోఫ్లూరేన్ అనే మత్తు ఇస్తే అది నాళాలను వెడల్పు చేస్తుంది. అప్పుడు కొలిచేది మెదడునా, మత్తునా?

రేడియోధార్మిక ఆక్సిజన్-15తో చేసే పెట్ స్కాన్ సంగతి వదిలేయండి. ఆ ఆక్సిజన్ రెండు నిమిషాలకే సగమైపోతుంది, దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం పక్కగదిలో ఉండాలి.

ఇక మిగిలింది పరారుణ కాంతి. 1977లో ఫ్రాన్స్ యోబ్సిస్ అనే శాస్త్రవేత్త పిల్లి తలలోంచి దీన్ని పంపి చూపించాడు. కోవిడ్ రోజుల్లో మన వేళ్లకు తగిలించుకున్న ఆక్సీమీటర్‌కు ఇది దగ్గరి చుట్టం. వెలుగు పుర్రెలో చెల్లాచెదురవుతుంది కాబట్టి సూక్ష్మమైన పటం రాదు, చర్మంలోని రక్తం లెక్కలో దూరుతుంది. అయినా చవక, మెలకువగా ఉన్న ఎలుక మీద కూడా గంటల తరబడి నడుస్తుంది.

ఈ మూడూ చూసేది రక్తంలోని హిమోగ్లోబిన్‌నే, కణంలోని ఆక్సిజన్‌ను కాదు. అది మరవకుండా ఉంటే, నాళం మూసుకున్నాక ఆక్సిజన్ ఎప్పుడు పడిపోయింది, ఎప్పుడు కోలుకుంది అన్న ఆమె ప్రశ్నకు నా ఓటు పరారుణ కాంతికే. కుడి, ఎడమల మీద చెరో సెన్సర్ పెట్టి పోల్చుకుంటే చాలు. దెబ్బతిన్న చోటు అంచు గీయాలన్నప్పుడే ఫొటోఅకౌస్టిక్ కోసం వెతకాలి.

"మా దగ్గర నల్ల తల ఎలుకలున్నాయి మేడం," అంది. నల్ల బొచ్చు వెలుగును మింగేస్తుంది. తెల్లటి విస్టార్ రకం ఎలుకలు తెప్పించుకోమన్నాను, వాటికీ తల నున్నగా గొరగమన్నాను.