ఎంగిలిపూల తెల్లారి పోయి సద్దులకు తిరిగొచ్చినం: ఆగ్రా, ఢిల్లీ, జైపూర్

పద్దెనిమిదేండ్ల సంది హైస్కూల్ల సోషల్ చెప్తున్న, కానీ ఉత్తరం దిక్కు పోవుడు ఇదే మొదటిసారి. తాజ్‌మహల్, ఎర్రకోట, మొహెంజొదారో అన్నీ బోర్డు మీద చెప్పినయే తప్ప కండ్లతోని చూసినయి కావు, ఆ వెలితి ఎప్పటిసందో ఉండె. ఈసారి దసరా సెలవులల్ల వెయ్యి స్తంభాల గుడికాడ ఎంగిలిపూల బతుకమ్మ ఆడి తెల్లారే కాజీపేటల తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కినం, సద్దుల నాటికి ఇంట్ల ఉండాలె అని లెక్క చూసుకొని. నేను, మా ఆయన, మా బిడ్డ, మా స్కూల్ మ్యాథ్స్ మేడం, వాళ్ల బాబు.

ముందు ఆగ్రా కంటోన్మెంట్‌ల దిగినం, ఇంకా తెల్లారలే. బ్యాగులు స్టేషన్ క్లోక్ రూంల పెట్టి సాయంత్రం దాకా తిరిగి ఢిల్లీ పోయినం కాబట్టి ఒక రోజు రూం కిరాయి మిగిలింది. తాళం లేని బ్యాగు తీసుకోరు, యాదుంచుకోండ్రి. తాజ్ శుక్రవారం బంద్. టికెట్ మనకు 50, సమాధులున్న లోపలికి పోవాలంటే ఇంకో 200, అక్కడ మాత్రం పైసలు చూసుకోవద్దు. పాలరాయిల రంగురాళ్లు చెక్కి పొదిగిన పూలతీగలు ఉంటయి, గైడ్ చిన్న టార్చి ఒక ఎర్ర పువ్వుకు ఆనిస్తే అది నిప్పుకణిక లెక్క వెలిగింది.

ఢిల్లీల బస మాత్రం బాగలేదు. స్టేషన్ దగ్గరే కదా అని ఆన్‌లైన్ల బుక్ చేస్తే ఫొటోల ఉన్న కిటికీ రూంల లేదు, రెండో రోజు పొద్దున చెకౌట్ టైం మీద పేచీ పెట్టి ఇంకో సగం రోజు కిరాయి తీసుకున్నరు. బుక్ చేసేముందే ఫోన్ చేసి కిటికీ ఉన్నదా, చెకౌట్ ఎన్ని గంటలకు అని అడిగితే ఈ బాధ ఉండదు. మెట్రో మాత్రం మస్తుగుంది, ముందు పెట్టె ఆడోళ్లకే, నేను, మేడం, బిడ్డ నిమ్మళంగ తిరిగినం. మన హైదరాబాదీ హిందీ అంతటా సరిపోయింది. నవరాత్రులు కాబట్టి చాలా హోటళ్లల్ల వ్రతం తాలీ దొరికింది, సగ్గుబియ్యం, ఆలుగడ్డ కూర. అన్నం లేకుంటె ఉండలేమనేటోళ్లు ముందే ఆలోచించుకోండ్రి.

ఎర్రకోట, నేషనల్ మ్యూజియం రెండూ సోమవారం బంద్. ఒక్కటే చూసే టైం ఉంటే నేనైతే మ్యూజియమే అంట. హరప్పా గ్యాలరీల కంచు నాట్యగత్తె బొమ్మ ఉంది, మొహెంజొదారోల 1926ల దొరికింది. నేను ఏటా బోర్డు మీద రెండు జానల ఎత్తు గీసి చూపిస్త. అద్దాల పెట్టెల చూస్తే పదిన్నర సెంటీమీటర్లే! నా అరచేయి అంత కూడా లేదు. ఎడమ చెయ్యి నిండా గాజులు, కుడి చేతికి నాలుగే, ఆ కుడి చెయ్యి నడుము మీద పెట్టి తల ఎత్తి నిలబడ్డది. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఇన్నేండ్లు పిల్లలకు సైజు చెప్పకుండనే చెప్పిన కదా అని చానాసేపు అక్కడ్నే నిలబడ్డ. పుస్తకంల ఫొటో కింద కొలత వేస్తే ఎంత బాగుండు.

జైపూర్‌ల పాత బస్తీల ఒక ఇంట్ల దిగినం, పెద్దావిడ నడుపుతరు, గోడలు మందంగ ఉండి మధ్యాహ్నం గూడ చల్లగుంది, పొద్దున వేడి రొట్టెలు చేసి పెట్టిండ్రు. ఢిల్లీ లాడ్జి కంటే తక్కువ కిరాయికే. హవామహల్ రోడ్డు మీద నుంచే చూసినం, ఎందుకంటే మేమందరం జంతర్ మంతర్ల, అంటే సూర్యుణ్ణి, చుక్కలను లెక్కకట్టే పాత కట్టడాలకాడ, ఇరుక్కపోయినం. సవాయి జైసింగ్ కట్టించిన సామ్రాట్ యంత్రం 27 మీటర్ల ఎత్తు ఎండ గడియారం, దాని నీడ ఒక్క సెకనుకు సుమారు ఒక మిల్లీమీటర్ కదులుతది, చూస్తుంటేనే జరుగుతది. అది మా వాచీల కంటే పావుగంట పైనే వెనక చూపెట్టింది. మ్యాథ్స్ మేడం టికెట్ వెనక లెక్క వేసింది: మన దేశం టైం ఎనభై రెండున్నర డిగ్రీల రేఖాంశానిది, జైపూర్ రేఖాంశం సుమారు 75.8, డిగ్రీకి నాలుగు నిమిషాలు, అంటే తేడా 27 నిమిషాల దాక రావాలె. "మేడం, పదినిమిషాలు ఎటు పోయినయి?" అని నన్ను అడుగుతుంది. భూమి సూర్యుని చుట్టు తిరిగే వేగం ఒక్క తీరుగ ఉండదు, దాని ఇరుసు కూడా వంగి ఉంటది కాబట్టి రోజును బట్టి ఎండ గడియారం ముందుకో వెనకకో జరుగుతది, ఈ నెలల్ల ముందుకు ఉంటదట, అందుకే ఆ పదినిమిషాలు తగ్గినయని గైడ్ చెప్పిండు. మా బిడ్డ వెంటనే "అమ్మా, మన హనుమకొండల ఎంత వస్తది?" అన్నది. అక్కడ్నే కూసొని లెక్క చేసినం, రేఖాంశం తోని పన్నెండు నిమిషాల దగ్గర.

జంతర్ మంతర్ల గైడ్ తప్పకుండ పెట్టుకోండ్రి, లేకుంటె అన్నీ ఉత్త గోడల్లెక్కనే కనిపిస్తయి. ఎండ గడియారం చూడాలె కాబట్టి మబ్బు లేని రోజు పదకొండింటికల్లా పోండ్రి, టోపీలు, నీళ్లు పట్టుకొని.