బాత్‌రూమ్ సీలింగ్ లైట్లు: వెలిగాయి కదా అని డబ్బు ఇచ్చేయకండి

స్నానం చేస్తుంటే నెత్తి మీద టప్‌మని చప్పుడైంది. తలెత్తి చూస్తే షవర్ పక్కనున్న లైటు సీలింగ్ బోర్డులోంచి ఊడి, వైరు పట్టుకుని వేలాడుతోంది. ఆరిపోలేదు, వెలుగుతూనే ఉంది. నేను తడి ఒంటితో, తడి నేల మీద నిలబడి ఉన్నాను. షవర్ కట్టేయడానికి కూడా చెయ్యి చాచలేదు. మెల్లగా వెనక్కి జరిగి, తలుపు తీసుకుని బయటికొచ్చి, చేతులు పొడిగా తుడుచుకుని మెయిన్ ఆపేశాను. ఆ తర్వాత పది నిమిషాల దాకా కాళ్ల వణుకు తగ్గలేదు.

ఆ లైట్లు బిగించి అప్పటికి ఆరు వారాలే. బిగించినవాడు పని నేర్చుకుంటున్న కుర్రాడేమీ కాదు, అనుభవం ఉన్న ఎలక్ట్రీషియనే. అతని పేరు ఇక్కడ రాయను. పేరు తెలిసినంత మాత్రాన మీకు ఒరిగేదేమీ లేదు, ఇలాంటి పని చేసేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. అతను చేసిన తప్పులేమిటో, నేను చూడకుండా వదిలేసినవేమిటో తెలిస్తే మాత్రం మీకు పనికొస్తుంది.

మొదటి తప్పు రంధ్రం. ఫాల్స్ సీలింగ్‌లో పెట్టే డౌన్‌లైట్లకు రెండు కొలతలుంటాయి. ఒకటి కింది నుంచి మనకు కనిపించే అంచు కొలత, రెండోది బోర్డుకు కోయాల్సిన రంధ్రం కొలత. రెండోదాన్ని కటౌట్ అంటారు, పెట్టె మీద చిన్న అక్షరాలతో ఉంటుంది. నేను కొన్న లైట్లకు అంచు 95 మిల్లీమీటర్లు, కటౌట్ 75. అతను పెట్టె విప్పి చూడలేదు. డ్రిల్లుకు ముందే తగిలించి ఉన్న హోల్ సాతో, అంటే గుండ్రటి రంధ్రం కోసే రంపంతో, నాలుగు రంధ్రాలూ 90 కోసేశాడు. అంటే చుట్టూ రెండున్నర మిల్లీమీటర్ల అంచే బోర్డు మీద ఆనుతోంది. కింది నుంచి చూస్తే లైటు చక్కగా కూర్చున్నట్టే కనిపిస్తుంది, అదే మోసం.

అసలు ఆ లైటును పైన పట్టి ఉంచేది రెండు స్ప్రింగ్ క్లిప్పులు. వాటిని పైకి మడిచి రంధ్రంలోకి తోస్తే, లోపలికి వెళ్లాక రెక్కల్లా విచ్చుకుని బోర్డును పై నుంచి నొక్కి పట్టుకుంటాయి. రంధ్రం పెద్దదైతే ఆ రెక్కల కొసలు మాత్రమే బోర్డు అంచు మీద ఆనుతాయి. మాది జిప్సం బోర్డు. రోజూ వేడినీళ్ల ఆవిరి తగిలి ఆ కోసిన అంచు మెత్తబడింది, పొడిపొడిగా రాలింది, క్లిప్పు జారింది. రెండో వారంలోనే నేల మీద సున్నంలాంటి తెల్లటి పొడి కనిపించింది. పెయింట్ రాలుతోందేమో అనుకుని తుడిచేశాను. మీ ఇంట్లో లైటు కింద అలాంటి పొడి కనిపిస్తే తుడిచి ఊరుకోవద్దు.

అప్పట్లోనే మరో గుర్తు కూడా కనిపించింది. రాత్రి స్విచ్ ఆపినా నాలుగు లైట్లూ మిణుగురుల్లా సన్నగా వెలుగుతూ ఉండేవి. ఫోన్ చేసి అడిగితే "ఎల్‌ఈడీలన్నీ అంతేనండీ, కంగారేం లేదు" అన్నాడు. అతని మాట పూర్తిగా అబద్ధమేమీ కాదు. స్విచ్‌లో చిన్న ఇండికేటర్ దీపం ఉన్నా, వైర్లు పక్కపక్కనే చాలా దూరం వెళ్లినా ఎల్‌ఈడీ అలా మెరవొచ్చు. కానీ మా ఇంట్లో కారణం వేరు. స్విచ్ ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద ఉంది. అంటే స్విచ్ ఆపినా లైటు దాకా కరెంటు వస్తూనే ఉంటుంది, తిరిగి వెళ్లే దారి మాత్రమే తెగుతుంది. ఆపేశాం కదా అని ఎవరైనా స్టూలెక్కి ఆ లైటును ముట్టుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

లైటు ఊడిన రోజు అతన్నే మళ్లీ పిలిచాను. ఇది నా తెలివితక్కువతనం, ఒప్పుకుంటున్నాను. వచ్చాడు, చూశాడు, "స్ప్రింగు లూజుగా వచ్చిందండీ, కంపెనీ మాలే అంత" అన్నాడు. సిలికాన్ ట్యూబు తీసి నాలుగు లైట్లకీ చుట్టూ పూసి బోర్డుకు అతికించేసి వెళ్లిపోయాడు. చూడ్డానికి గట్టిగానే ఉంది. రేపు ఆ లైటు డ్రైవర్, అంటే కరెంటును ఎల్‌ఈడీకి తగ్గట్టు మార్చే చిన్న డబ్బా, పోతే తీయడమెలా? బోర్డు పగలగొట్టాల్సిందే. పైన ఏం జరుగుతోందో చూసే దారి కూడా మూసుకుపోయింది. ఎవరైనా సిలికాన్ ట్యూబుతో సీలింగ్ లైటు దగ్గరికి వస్తే అక్కడే ఆపండి. నీళ్లు లోపలికి పోకుండా అంచు కింద పెట్టే రబ్బరు వాషరు వేరు, తప్పు కొలత రంధ్రాన్ని కప్పిపుచ్చడానికి పూసే జిగురు వేరు.

రెండు రోజులు బాత్‌రూమ్‌లో లైటే వేయలేదు. తర్వాత ఇంకో ఎలక్ట్రీషియన్ వచ్చారు. ఆయన ముందుగా కరెంటు బోర్డులో ఆ లైన్ ఎంసీబీ స్విచ్ ఆపారు, మీటర్‌తో కరెంటు లేదని చూసుకున్నారు, అప్పుడే నిచ్చెన ఎక్కారు. సన్నని కత్తితో సిలికాన్ కోసి మొదటి లైటు కిందికి లాగి, నన్ను నిచ్చెన ఎక్కి చూడమన్నారు. మొదటి ఎలక్ట్రీషియన్ వైర్ల రాగి పోగుల్ని చేత్తో మెలిపెట్టి, పైన ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేశాడు. టేపు ఆవిరికి జిగురు వదిలి, అరటిపండు తొక్కలా విచ్చుకుని ఉంది. రాగి పచ్చగా చిలుము పట్టింది. జాయింటుకు కనెక్టర్ లేదు, దాన్ని పెట్టే మూత బాక్సూ లేదు. ఇనుప బాడీకి రావాల్సిన ఎర్త్ వైరును కొస దగ్గర కత్తిరించి వెనక్కి మడిచేశాడు. డ్రైవర్ లైటు వెనుక వేడి పోయే రేకుల మీదే పడి ఉంది. డ్రైవర్‌కు పెద్ద శత్రువు వేడి. పక్కకు జరిపి పెడితే ఎంతో కాలం నడిచేది అలా మాడిపోయి త్వరగా పోతుంది.

"ఇన్నాళ్లూ ట్రిప్ కాలేదా?" అని అడిగారు. కాలేదు. ఎందుకంటే ఆ లైన్ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మీద లేదు, మామూలు ఎంసీబీ మీదే ఉంది. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. కరెంటు పక్కదారి పట్టి ఒంట్లోంచి పోతుంటే పసిగట్టి ఆపేది ఆర్‌సీసీబీ. బాత్‌రూమ్ లైన్ దాని మీద ఉందో లేదో ఈరోజే చూసుకోండి. దాని మీదుండే టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే అది ఉన్నా లేనట్టే.

ఇక నా వంతు తప్పు. లైట్లు కొన్నది నేనే. తెలుపు ఎంత చల్లగా ఉంది, అంచు ఎంత సన్నగా ఉంది అని చూశానే తప్ప ఐపీ అంకె చూడలేదు. ఐపీ తర్వాత రెండంకెలుంటాయి. మొదటిది దుమ్ము లాంటి గట్టి వస్తువుల నుంచి రక్షణ, రెండోది నీళ్ల నుంచి. ఐపీ20 అంటే నీళ్ల నుంచి ఏ రక్షణా లేదు, హాల్లో పెట్టుకునేది. ఐపీ44 తుంపర్లను తట్టుకుంటుంది. ఐపీ65 అయితే నీళ్లు చిమ్మినా లోపలికి పోవు. బాత్‌రూమ్‌ల వైరింగ్‌కు ఐఈసీ 60364-7-701 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని లెక్కలో షవర్ తడిపే చోటు మీద నేల నుంచి 2.25 మీటర్ల ఎత్తు దాకా ఉండే లైటుకు రెండో అంకె కనీసం 4 ఉండాలి. సీలింగ్ అంతకన్నా ఎత్తులో ఉన్నా ఆవిరి ఎలాగూ పైకే వెళ్తుంది, కాబట్టి 65 కొనుక్కుంటేనే నిశ్చింత అని నా అభిప్రాయం. నేను కొన్నవి 20.

65 అని రాసి ఉన్నా ఇంకో మెలిక ఉంది, ఇది నాకు ఆ రెండో ఎలక్ట్రీషియనే చెప్పారు. చాలా డౌన్‌లైట్లలో ఆ 65 ముందు వైపుకే, అంటే గదిలోకి కనిపించే ముఖానికే. వెనుక భాగం, డ్రైవర్ మాత్రం 20 గానే ఉంటాయి. రంధ్రం సరిగ్గా ఉండి, రబ్బరు వాషరు బోర్డుకు అతుక్కుని, పైకి ఆవిరి పోకుండా ఉంటేనే ఆ అంకెకు అర్థం. రంధ్రం పెద్దదై సందు ఉంటే 65 కొన్నా, 20 కొన్నా ఒకటే, ఆవిరి వెనుక నుంచి వచ్చి కూర్చుంటుంది.

బాగుచేయడం గురించి కొంచెం చెప్తాను, చాలామంది ఇక్కడే రెండోసారి డబ్బు తగలేస్తారు. మొత్తం సీలింగ్ మార్చాలని ఒకరు నాకు చెప్పారు. అవసరం లేదు. రంధ్రం పెద్దదైతే ఆ రంధ్రానికి సరిపడే లైటు వెతకడమే సులువు. మూడు చోట్ల 90 కటౌట్ ఉన్న ఐపీ65 లైట్లు తెచ్చి పెట్టాం, క్లిప్పులు గట్టిగా పట్టాయి. పొడిపొడిగా ఉన్న అంచులకు ముందు ప్రైమర్ పూసి ఆరనిచ్చారు. వెడల్పు అంచు రింగులు కూడా దొరుకుతాయి గానీ, అవి సందును కప్పుతాయే తప్ప క్లిప్పుకు పట్టు ఇస్తాయో లేదో చూసుకోవాలి.

నాలుగోదానితోనే తంటా. అది వరుసలోంచి పక్కకు పోయింది. ఎందుకంటే మొదటి ఎలక్ట్రీషియన్ రంధ్రం కోస్తుండగా పైన సీలింగ్ బోర్డును మోసే ఇనుప ఛానల్ అడ్డొచ్చింది, అతను ఓ జానెడు పక్కకు జరిగి మళ్లీ కోశాడు. మొదట సగం కోసిన గాటును పుట్టీతో పూడ్చాడు. గుర్తులు పెట్టుకుని, ఛానళ్లు ఎక్కడున్నాయో అయస్కాంతంతో చూసుకునుంటే ఈ గొడవే లేదు. ఆ రంధ్రం మూయడానికి పైన రెండు చెక్క పట్టీలు అడ్డంగా పెట్టి, కింది నుంచి స్క్రూలు బిగించి, వాటికి గుండ్రటి బోర్డు ముక్క తగిలించారు. అదే హోల్ సాతో ముక్క కోస్తే పళ్ల మందం పోయి చిన్నదవుతుంది, అందుకే ఒక సైజు పెద్ద హోల్ సా వాడాలి. పైన జాలీ టేపు, పుట్టీ, ఆరాక ఎమరీ, ప్రైమర్, పెయింట్. ఇప్పటికీ కిటికీ వెలుతురు పక్కగా పడితే ఆ గుండ్రటి మచ్చ తెలుస్తుంది. నాకైతే తెలుస్తుంది.

మీరు పని చేయించుకుంటున్నట్టయితే నేను వేడుకునేవి మూడు. హోల్ సా డ్రిల్లుకు తగిలించే ముందు లైటు పెట్టె విప్పించి కటౌట్ కొలత చదివించండి, పాత అట్టముక్క మీద ఒక రంధ్రం కోయించి లైటు పెట్టి చూడండి. జాయింట్లు మూసేలోపు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఫొటో తీస్తానంటే ముఖం మాడ్చుకునేవాడి చేత పని చేయించకండి. మూడోది, డబ్బు ఇచ్చే ముందు మీకు నచ్చిన ఒక లైటును చూపించి కిందికి తీయమనండి. అతను చూపించేది కాదు, మీరు ఎంచుకునేది. కొంత డబ్బు వారం పాటు ఆపుకుంటానని పని మొదలుపెట్టేటప్పుడే చెప్పండి, ముగిశాక చెప్తే గొడవవుతుంది. ఆ వారంలో వేడినీళ్ల స్నానాలు కానివ్వండి, లైట్లన్నీ ఒకేసారి గంటసేపు వెలిగించి చూడండి.

మొదటి ఎలక్ట్రీషియన్‌కు ఫొటోలన్నీ పంపాను. రెండు టిక్కులు పడ్డాయి, నీలం అయ్యాయి, అంతే. కొత్త లైట్ల కటౌట్ కొలత, డ్రైవర్ మీదున్న అంకెలు ఒక కాగితం మీద రాసి కరెంటు బోర్డు తలుపు లోపల అతికించాను. పాత నాలుగు లైట్లు మాత్రం ఇంకా పెట్టెలోనే ఉన్నాయి, సిలికాన్ మరకలతో సహా.