వివరణ లేని బొమ్మలతో నా స్క్రీన్ రీడర్: చాలా ఏళ్ళు వాడాక రాస్తున్న సమీక్ష

నాకు పుట్టుకతోనే చూపు లేదు. కర్నూలులో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతాను. కంప్యూటర్లో ఎన్‌వీడీఏ, ఫోన్లో టాక్‌బ్యాక్ వాడతాను. తెర మీద ఉన్నదాన్ని గొంతుతో చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు ఇవి. నా చదువు, ఉద్యోగం, బ్యాంకు పని అన్నీ ఈ రెండింటి మీదే నడుస్తున్నాయి. వాటి మంచి గురించి చాలామంది రాశారు కాబట్టి నేను ఒక్క విషయమే తీసుకుంటాను. వెబ్‌సైటులో బొమ్మ పెట్టి, వివరణ రాయకుండా వదిలేసినప్పుడు ఇవి మనల్ని ఎంతవరకు ఆదుకుంటాయి, ఎక్కడ చేతులెత్తేస్తాయి అన్నది.

ముందు చూపున్నవాళ్ళ కోసం కొంచెం. వెబ్‌పేజీలో బొమ్మ పెట్టేటప్పుడు దానికి చిన్న వివరణ జతచేయొచ్చు. దాన్నే ఆల్ట్ టెక్స్ట్ అంటారు. మామూలుగా పేజీ మీద కనపడదు, స్క్రీన్ రీడర్ మాత్రం చదువుతుంది. ఇది నిన్నామొన్నటి సదుపాయం కాదు. వెబ్‌పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో, 1995లో వచ్చిన 2.0 వెర్షన్‌లోనే ఉంది. 1999లో వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ ఇచ్చిన వెబ్ సుగమ్యత మార్గదర్శకాల్లో మొట్టమొదటి అంశం ఇదే. అయినా 2025లో వెబ్‌ఎయిమ్ అనే సంస్థ పది లక్షల సైట్ల మొదటి పేజీలను పరీక్షిస్తే, సగానికి పైగా పేజీల్లో ఏదో ఒక బొమ్మకు ఈ వివరణ లేదని తేలింది.

వివరణ లేకపోతే మాకేం వినిపిస్తుంది? ఒక్కోసారి ఏమీ వినిపించదు, అక్కడొక బొమ్మ ఉన్నట్టే తెలియదు. ఒక్కోసారి "గ్రాఫిక్" అని ఊరుకుంటుంది. బొమ్మే లింకు అయితే స్క్రీన్ రీడర్ ఆ ఫైలు పేరో లింకు అడ్రసో అందుకుంటుంది. ఒక విద్యాసంస్థ సైటులో నోటీసుల పేజీ తెరిచాను. "లింక్ గ్రాఫిక్ ఐఎమ్‌జీ డాష్ టూ జీరో టూ ఫోర్..." అని మొదలై తేదీ అంకెలన్నీ చదివి, "డబ్ల్యూఏ" అని, మళ్ళీ నాలుగు అంకెలు చదివింది. దాని కింద అలాంటిదే ఇంకొకటి, ఆ కింద మరొకటి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలను పేరు కూడా మార్చకుండా ఎక్కించేశారు. వాటిలో ఒకటి పరీక్ష ఫీజు కట్టాల్సిన ఆఖరు తేదీ. ఏది ఆ నోటీసో తెలుసుకోవాలంటే ప్రతి లింకూ తెరిచి, ప్రతి బొమ్మలోని అక్షరాలనూ బయటికి లాగాలి. చూపున్న విద్యార్థికి రెప్పపాటు పని. చూపులేని విద్యార్థికి అదే పూట పని.

క్రోమ్ వాడేవాళ్ళకు ఇంకో వాక్యం కంఠతా వచ్చేసి ఉంటుంది: "టు గెట్ మిస్సింగ్ ఇమేజ్ డిస్క్రిప్షన్స్, ఓపెన్ ది కాంటెక్స్ట్ మెనూ." లేని వివరణ కావాలంటే మెనూ తెరవమని దీని అర్థం. వివరణ లేని బొమ్మ తగిలిన చోటల్లా ఇదే మాట. బొమ్మను యంత్రమే చూసి వివరణ చెప్పే ఈ సదుపాయాన్ని గూగుల్ 2019లో తెచ్చింది. ఫొటోలకు పరవాలేదు. తెలుగు నోటీసుల దగ్గర మాత్రం నాకు అక్కరకు రాలేదు.

ఇక ఎన్‌వీడీఏ సంగతి. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు 2006లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ ఉచితం. కొనే స్తోమత లేని మనలాంటి ఊళ్ళ పిల్లలకు దీనంత మేలు చేసింది నాకు తెలిసి మరొకటి లేదు. పేజీలో జీ నొక్కితే తర్వాతి బొమ్మకు పోతుంది. బొమ్మ మీద ఉండగా ఎన్‌వీడీఏ కీతో పాటు ఆర్ నొక్కితే, విండోస్‌లోనే ఉన్న ఓసీఆర్ ఆ బొమ్మలోని అక్షరాలను చదివి పెడుతుంది. బాణం కీలతో వరస వరసగా వినొచ్చు, చాలనుకుంటే ఎస్కేప్. కొత్తవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. పక్కవాళ్ళకు కనపడకుండా తెరను నల్లగా చేసే స్క్రీన్ కర్టెన్ వేసి ఉంటే ఇది పనిచేయదు, ముందు దాన్ని తీసేయాలి. ఇంగ్లీషు పోస్టర్లకు, ముద్రించిన సర్క్యులర్లకు ఈ పద్ధతి నన్ను చాలాసార్లు గట్టెక్కించింది. తెలుగు అక్షరాల దగ్గర మాత్రం నా కంప్యూటర్లో అర్థంపర్థంలేని ముక్కలే వచ్చాయి. అందుకని తెలుగు బొమ్మ ఏదైనా సరే ఫోన్లో గూగుల్ లెన్స్‌కు ఇస్తాను. పేజీలు ఎక్కువగా ఉంటే గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి డాక్స్‌తో తెరుస్తాను. అచ్చు తెలుగును ఈ రెండూ బాగా చదువుతాయి.

బాగా చదువుతాయి అన్నది వాక్యాల వరకే. పట్టికలు వేరే కథ. మా తమ్ముడు కోడుమూరు దగ్గర సేద్యం చేస్తాడు. ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు) మార్కెట్‌కు వచ్చే రోజుల్లో పొద్దున్నే ఫోను చేస్తాడు: "న్నా, ఈపొద్దు యార్డులో ఎర్రగడ్డల రేటు ఎంతుందో రోంత సూడు." ఆ రేటు చాలాసార్లు బొమ్మగానే చేతులు మారుతుంది. కాగితాన్ని ఫొటో తీస్తారు, దాన్ని ఎవరో సైటులో పెడతారు. అందులో కనిష్ఠం, గరిష్ఠం, సగటు అని గళ్ళుంటాయి. ఓసీఆర్ ముందు గళ్ళ పేర్లన్నీ వరసగా చదివేసి, తర్వాత అంకెలన్నీ ఒక్క బిగిన చదువుతుంది. ఏ అంకె ఏ గడిదో తెలియదు. ఫొటో మసకగా ఉంటే ఒకటి కాస్తా ఏడవుతుంది. క్వింటాలు లెక్కన అమ్ముకునే రైతుకు అది చిన్న తేడా కాదు. ఇలాంటి చోట నేను చేసేదేమిటంటే, బొమ్మను ఏఐకి ఇచ్చి "ఎర్రగడ్డల వరసలో గరిష్ఠం గడిలో ఏముంది?" అని ఒక్క గడే అడుగుతాను. తర్వాత అదే ప్రశ్న తిప్పి, "ఈ అంకె ఏ పంటది, ఏ గడిది?" అని అడుగుతాను. రెండు జవాబులూ కలవకపోతే రెండూ వదిలేసి, యార్డులో తెలిసినవాళ్ళకు ఫోను చేస్తాను.

ఏఐ వర్ణనల గురించి నిండు మనసుతో మంచి చెప్పాల్సింది ఉంది. 2016లో ఫేస్‌బుక్ ఈ వర్ణనలను మొదలుపెట్టినప్పుడు వినిపించింది "ఇమేజ్ మే కంటైన్: టూ పీపుల్, స్మైలింగ్, అవుట్‌డోర్" మాత్రమే. అదే అప్పట్లో మాకు పండగ. చూపులేనివాళ్ళకు వాలంటీర్లు వీడియో కాల్‌లో సాయం చేసే బీ మై ఐస్ యాప్‌లోకి 2023లో బీ మై ఏఐ వచ్చాక లెక్కే మారిపోయింది. ఏ ఫొటోనైనా షేర్ చేస్తే వివరంగా చెబుతుంది, తెలుగులో చెప్పమంటే తెలుగులో చెబుతుంది, ఎదురు ప్రశ్నలు వేయొచ్చు. మా అన్న కూతురి పెళ్ళి ఫొటోల్లో ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారో, మా అమ్మ ఏ రంగు చీర కట్టుకుందో ఇంకొకరిని బతిమాలకుండా నా అంతట నేనే తెలుసుకున్నాను. ఆ సంతోషాన్ని తక్కువ చేసి చెప్పలేను.

కానీ దీనికి తెలియదు అని చెప్పడం ఇంకా సరిగ్గా రాలేదు. పత్తికొండ ప్రాంతంలోని ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలున్నాయి. బ్రాహ్మీ లిపి. అందులో లఘు శాసనం కొంత భాగం ఒక వరస ఎడమ నుంచి కుడికి, తర్వాతి వరస కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. పాఠం తయారు చేసుకుంటూ, వివరణ లేని ఆ శాసనం ఫొటోను ఏఐకి ఇచ్చాను. బండ ఎలా ఉందో, పగుళ్ళు ఎటు పోయాయో చక్కగా చెప్పింది. "అక్షరాలు చదువు" అన్నాను. తడుముకోకుండా నున్నటి వాక్యాలు చదివింది. అచ్చయిన శాసన పాఠం నాకు తెలుసు కాబట్టి, అవి ఆ బండ మీద లేనివని వెంటనే పట్టుకున్నాను. నా విద్యార్థి అయితే పరీక్షలో అదే రాసి వచ్చేవాడు. ఈ ధీమానే నాకు భయం. ఓసీఆర్ తప్పుచేస్తే గజిబిజిగా వినిపిస్తుంది, తప్పని తెలిసిపోతుంది. ఏఐ తప్పు మాత్రం ఒప్పులాగే వినిపిస్తుంది.

ఇంకో లోటు మరమ్మతుకు లొంగేది కాదనిపిస్తుంది. కొండారెడ్డి బురుజు ఫొటో ఉందనుకోండి. పర్యాటక పేజీలో అయితే బురుజు ఎలా ఉంటుందో నాకు కావాలి. చరిత్ర పాఠంలో అయితే ఏ భాగాన్ని చూపిస్తున్నారో కావాలి. అదే ఫొటో ట్రాఫిక్ మళ్ళింపు వార్తలో వస్తే బురుజుతో నాకు పనే లేదు, ఏ రోడ్డు మూశారో చెప్పాలి. యంత్రం మూడు చోట్లా "పాత రాతి బురుజు, ముందు వాహనాలు" అనే అంటుంది. బొమ్మలో ఏముందో అది చూడగలదు. బొమ్మను అక్కడ ఎందుకు పెట్టారో పెట్టినవాళ్ళకే తెలుసు. అందుకే ఏఐ వచ్చింది కదా, ఇక ఆల్ట్ టెక్స్ట్ ఎందుకు అనేవాళ్ళతో నేను ఒప్పుకోను.

బొమ్మ గుర్తులతో ఉండే బటన్లు అన్నింటికన్నా విసిగిస్తాయి. ఒక బ్యాంకు యాప్‌లో వరసగా "బటన్, అన్‌లేబుల్డ్" అని వినిపించేది. డబ్బు వ్యవహారంలో ఏదో ఒకటి నొక్కి చూద్దాం అనుకోలేం కదా. టాక్‌బ్యాక్ మెనూలో మనమే లేబుల్ పెట్టుకునే వీలుంది. మా మేనకోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కోదానికి పేరు పెట్టాను. యాప్ కొత్త వెర్షన్ రాగానే కొన్ని పోయాయి. మనిషేనని రుజువు చేయడానికి టైపు చేయమనే అక్షరాల క్యాప్చా బొమ్మకు పక్కన ఆడియో లేకపోతే అది తాళం వేసిన తలుపే.

చట్టం మన పక్షానే ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. కింది స్థాయికి ఆ మాట రావాలంటే మనం అడుగుతూనే ఉండాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నా సలహా: కంప్యూటర్లో ఎన్‌వీడీఏ, ఫోన్లో లెన్స్, బీ మై ఐస్ మూడూ పెట్టుకోండి. అక్షరాలకు లెన్స్, ఫొటోలకు ఏఐ. డబ్బు, తేదీ, మందు మోతాదు ఉన్న చోట మాత్రం మనిషి గొంతు వినకుండా నమ్మొద్దు. బీ మై ఐస్‌లో వాలంటీరుకు కాల్ చేసే వీలూ ఉంది.

సైట్లు నడిపేవాళ్ళకు: మీది వర్డ్‌ప్రెస్ అయితే బొమ్మ ఎక్కించగానే వివరణ రాసే పెట్టె కనపడుతుంది. నోటీసు అయితే దేని గురించో, ఆఖరు తేదీ ఎప్పుడో అందులో రాయండి, పూర్తి పాఠం పేజీలోనే టైపు చేయండి. అంచు పూలు, గీతల వంటి అలంకారాలకు ఆల్ట్‌ను ఖాళీగా ఉంచండి, మా స్క్రీన్ రీడర్ వాటిని దాటిపోతుంది.

ఫిర్యాదు చేసే మిత్రులకు: "మీ సైటు బాలేదు" అని రాస్తే జవాబు రాదు. పేజీ అడ్రసు, అక్కడ స్క్రీన్ రీడర్ ఏమందో ఉన్నదున్నట్టు, దాని బదులు పెట్టాల్సిన వాక్యం, ఈ మూడూ రాసి పంపండి. వాక్యం మనమే రాసిస్తే వాళ్ళు అతికిస్తే చాలు. నాకు ఎక్కువసార్లు పనిచేసిన పద్ధతి ఇదే.