నా డబ్బే, కానీ నెలకు 934 యూరోలే

జర్మనీ స్టూడెంట్ వీసాకి బ్లాక్డ్ అకౌంట్ ఎందుకు, ఎలా తెరవాలి అన్నది ఇప్పటికే వంద మంది చెప్పేశారు. ఒక్క ముక్కలో, ఏడాది ఖర్చు ముందే ఒక కంపెనీ దగ్గర ఖాతాలో వేసి, చేరిందన్న కన్ఫర్మేషన్ కాగితం వీసాకి చూపించాలి, దిగాక ఆ డబ్బు నెలకింత అని మాత్రమే చేతికొస్తుంది. నేను ఆ ఖాతాతో ఏడాది కాపురం చేశాను. అది ఖాళీ అయ్యి మూతపడి కూడా ఇంకో ఏడాది దాటింది. వీసా స్టాంపు పడిన రోజు, ఆ ఊపులో, అడిగిన ప్రతి జూనియర్‌కీ "కళ్లు మూసుకుని తెరిచెయ్, రెండు రోజుల్లో కన్ఫర్మేషన్ చేతిలో ఉంటుంది" అని చెప్పాను. ఆ మాట కొంచెం సరిచేసుకోవాల్సి ఉంది. అక్కడికి తర్వాత వస్తాను.

నాకు కడుపు మండేది ఒక్క దాని మీదే, నెలవారీ కుళాయి మీద. 2023 శీతాకాలం సెమిస్టర్‌కి వచ్చినవాణ్ణి కాబట్టి నా లెక్క 11,208 యూరోలు, నెలకు 934. 2024 సెప్టెంబర్ నుంచి అది 11,904 అయింది, నెలకు 992. ఇక్కడి విద్యార్థులకు ప్రభుత్వమిచ్చే బాఫొగ్ సాయం గరిష్ఠంగా ఎంతో దాన్ని పట్టి ఈ అంకె కదులుతుంది, కాబట్టి మళ్లీ పెరగదనుకోకండి. ట్యాంకు మనది, నీళ్లు మనవి, తిప్పే చెయ్యి మాత్రం మనది కాదు.

దిగాక మొదటి 41 రోజులు ఆ కుళాయి నుంచి చుక్క రాలేదు.

సెప్టెంబర్ చివర్లో వచ్చాను. హాస్టల్లో గది కోసం వెయిటింగ్ లిస్టులో ఉన్నాను. సెలవులకి వెళ్లిన ఒక విద్యార్థి గది నెల రోజులకి దొరికింది. "ఉండు, కానీ ఈ అడ్రస్ మీద రిజిస్ట్రేషన్ మాత్రం కుదరదు" అని అతను ముందే చెప్పాడు. సరే అన్నాను. అది ఎంత పెద్ద సరేనో అప్పటికి తెలియదు.

బ్లాక్డ్ ఖాతా కంపెనీ డబ్బు వదలడానికి రెండు అడిగింది. ఇక్కడి బ్యాంకులో మామూలు ఖాతా ఒకటి, ఊళ్లో నమోదైనట్టు కాగితం ఒకటి. మామూలు ఖాతా కోసం బ్యాంకుకి వెళితే కౌంటర్లో ఆవిడ ముందు ఆ నమోదు కాగితమే తెమ్మంది. నమోదుకి, అంటే అన్‌మెల్డుంగ్‌కి, ఇంటి యజమాని సంతకం పెట్టిన పత్రం కావాలి. దాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. (ఆ పేరు తడబడకుండా అనగలిగిన రోజు నాకు భాష వచ్చేసిందనుకున్నాను. రాలేదు.) ఆ పత్రమిచ్చే ఇల్లు కావాలంటే డిపాజిట్ కట్టాలి. డిపాజిట్‌కి డబ్బెక్కడుంది? బ్లాక్డ్ ఖాతాలో. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు.

చేతిలో తెచ్చుకున్నది 600 యూరోలు. ఇంకా తెచ్చుకోవచ్చు. మన దగ్గర బయల్దేరేటప్పుడు నోట్ల రూపంలోనే 3,000 డాలర్ల విలువ దాకా తీసుకెళ్లనిస్తారు, మిగతాది ఫారెక్స్ కార్డులో వేసుకోవచ్చు. "ఖాతాలో అంత ఉండగా ఎందుకు దండగ, రేటు కూడా బాలేదు" అని నేనే వద్దన్నాను. గది అద్దె 380 పోయింది. ఆరోగ్య బీమా అప్పట్లో నెలకు సుమారు 120, అది అడక్కుండానే మొదలవుతుంది. మిగిలిన వంద యూరోలతో అక్టోబర్ నడిపించాలి.

నాన్నకి ఫోన్ చేశాను. "పది లక్షలు అక్కడ పెట్టుకుని మళ్లీ అప్పడుగుతావేంట్రా?" అన్నారు. లోను తెచ్చి, అప్పటి లెక్కలో ఏడు లక్షలు దాటినదాని మీద టీసీఎస్ (విదేశానికి పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) కూడా కట్టి పంపిన మనిషి, అనరా మరి. ఫోన్‌లో యాప్ తెరిచి 11,208 అన్న అంకె స్క్రీన్‌షాట్ తీసి పంపాను. ఆయన దాన్ని చూసి "ఇదేంటి, ఉన్నాయిగా" అన్నారు. ఉన్నాయి నాన్నా. అదే బాధ.

దారి దొరికింది మా డిపార్ట్‌మెంట్ సీనియర్ వల్ల. వాళ్ల షేరింగ్ ఫ్లాట్‌లో ఒకబ్బాయి ఇంటర్న్‌షిప్‌కని మార్చి దాకా వేరే ఊరెళుతున్నాడు. "తమ్ముడూ, డిపాజిట్ మొత్తం ఒకేసారి ఇవ్వక్కర్లేదు, మూడు నెలల్లో మూడు సమాన వాయిదాల్లో కట్టే హక్కు అద్దెకుండేవాడికి చట్టంలోనే ఉంది, ఓనర్‌ని అడుగు" అన్నాడు. అడిగాను. ఆయన మొహం మాడ్చుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు. మొదటి వాయిదా ఆ సీనియరే సర్దాడు. ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు నమోదు చేసుకోవాలి. ఆఫీసులో అపాయింట్‌మెంట్లు చూస్తే మూడు వారాల తర్వాతే ఉన్నాయి. పొద్దున్నే ఏడింటికి ఎవరో రద్దు చేసుకున్నవి ఒకటో రెండో సైట్లో కనిపిస్తాయని సీనియరే చెప్పాడు. నాలుగో పొద్దున ఒకటి దొరికింది. కాగితం చేతికొచ్చింది, బ్యాంకు ఖాతా తెరుచుకుంది. అయిపోయిందనుకున్నాను.

కార్డు ఒక కవరులో, పిన్ ఇంకో కవరులో, ఆన్‌లైన్ యాక్సెస్ మూడో కవరులో పోస్టులో వస్తాయన్నారు. వారమైంది, పది రోజులైంది, ఒక్కటీ రాలేదు. బ్యాంకుకి వెళ్లి అడిగితే మూడూ తిరిగొచ్చేశాయట, "ఈ చిరునామాలో ఈ పేరుగల మనిషి లేడు" అని. నేను ఆ చిరునామా నుంచే నడుచుకుంటూ వచ్చి ఆవిడ ముందు నిలబడి ఉన్నాను.

సంగతి ఏమిటంటే, ఇక్కడ పోస్టుమ్యాన్ ఇంటి నంబరు చూసి వెయ్యడు, డబ్బా మీద పేరు చూసి వేస్తాడు. నేను డబ్బా మీద పేరు అతికించాను. మనవాళ్లంతా పిలిచే పేరు, చిన్నది, ముద్దుగా. ఉత్తరాలు వచ్చింది మాత్రం పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఉన్న ఇంటిపేరు మీద. మన దగ్గర ఇంటిపేరు పెళ్లి శుభలేఖల్లోనూ హాజరుపట్టీల్లోనూ తప్ప ఎవరికి కావాలి? ఇక్కడ మనిషంటేనే ఇంటిపేరు. ఆ సాయంత్రం మాస్కింగ్ టేపు మీద పెద్ద అక్షరాలతో ఇంటిపేరు రాసి అంటించాను. కవర్లు మళ్లీ వచ్చేసరికి 41వ రోజు.

తర్వాత ఎప్పుడో తెలిసింది, యూరోపియన్ యూనియన్‌లో చట్టబద్ధంగా ఉంటున్న ఎవరికైనా, స్థిర నివాసం లేకపోయినా సరే, బ్యాంకులు బేసిక్ ఖాతా ఇచ్చి తీరాలని జర్మనీలో 2016 జూన్ నుంచి చట్టం ఉందని. బాజిస్‌కోంటో అంటారు. ఆ రోజు కౌంటర్లో ఆ పదం పలికి ఉంటే ఆవిడ ఇచ్చేదో లేదో చెప్పలేను, కానీ ఆ పదం తెలిసి వెళ్లడం వేరు, తెలియక వెనక్కి రావడం వేరు.

ఇదంతా ఆ ఖాతా తప్పా? కొంత కాదు. అద్దె ఇళ్ల కరువు, పోస్టు డబ్బా, నా అతి తెలివి, ఇవి దానికి సంబంధం లేనివి. కానీ అమ్మేటప్పుడు "దిగగానే డబ్బు మొదలవుతుంది" అనే ధోరణిలో చెప్పి, ఏయే కాగితాలయ్యాక మొదలవుతుందో చిన్న అక్షరాల్లో పెట్టినవాళ్ల మీద నాకు ఆ కోపం ఇంకా ఉంది.

ఇప్పుడు "రెండు రోజుల్లో కన్ఫర్మేషన్" సంగతి. రెండు రోజులన్నది నిజమే, డబ్బు పూర్తిగా చేరాక రెండు రోజులు. మొదటిసారి నేను పంపింది 18 యూరోలు తక్కువగా చేరింది. దారిలో బ్యాంకులు తలా కొంచెం కోసుకున్నాయి. పంపేటప్పుడు ఫారంలో ఛార్జీలన్నీ పంపేవాడివే అన్న గడి టిక్ చెయ్యాలి, మా బ్రాంచిలో చెరిసగం గడి టిక్ చేశారు. ఆ 18 యూరోలు మళ్లీ పంపడానికి మళ్లీ ఫారం, మళ్లీ ఛార్జీ, తొమ్మిది రోజులు. వీసా వచ్చేసిన సంతోషంలో ఇది మర్చిపోయి జూనియర్లకి ఆ మాట చెప్పేశాను.

ఇంత తిట్టాక, అదే కుళాయి నన్ను కాపాడిన రోజు గురించి చెప్పకపోతే అన్యాయం.

ఫిబ్రవరిలో మళ్లీ ఇల్లు వెతుకుతున్నాను, మార్చిలో ఆ గది ఖాళీ చెయ్యాలి కాబట్టి. యూనివర్సిటీకి నడిచెళ్లే దూరంలో, బాల్కనీతో, 450కే ఒక ఫ్లాట్ కనబడింది. ఓనర్ విదేశంలో ఉంటున్నాడట. చాలా మర్యాదగా పెద్ద పెద్ద మెయిళ్లు రాశాడు, తన పాస్‌పోర్టు ఫోటో కూడా పంపాడు. డిపాజిట్, మొదటి నెల అద్దె కలిపి 1,800 పంపితే తాళాలు కొరియర్‌లో వస్తాయన్నాడు. ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, సాయంత్రంలోపు తేల్చమన్నాడు. అక్టోబర్ దెబ్బ తిన్నవాణ్ణి, ఇల్లు పోతుందన్న భయం నెత్తిన కూర్చుంది. పంపేద్దామనే యాప్ తెరిచాను. మామూలు ఖాతాలో 300 చిల్లర. బ్లాక్డ్ ఖాతాలో ఏడు వేల పైనే ఉన్నాయి, ముట్టుకోలేను. సపోర్టుకి రాశాను, ఒక్కసారి రెండు నెలలది కలిపి ఇవ్వండని బతిమాలాను. కుదరదన్నారు. ఆ రాత్రి వాళ్లని తిట్టినంత నేను జీవితంలో ఎవరినీ తిట్టలేదు.

రెండు రోజుల తర్వాత ఆ ప్రకటన మాయమైంది. మా క్లాసులో ఒకమ్మాయి అదే బాల్కనీ ఫోటో చూపించి "నీకూ వచ్చిందా ఇది?" అంది. ఆమె అప్పటికే ఉద్యోగం చేసి దాచుకున్న డబ్బుతో వచ్చింది, మామూలు ఖాతాలో దండిగా ఉంది. పంపేసింది. పోలీసు ఫిర్యాదు ఇచ్చాం, డబ్బు రాలేదు. నాకు తెలివితేటలు ఉండి తప్పించుకోలేదు, చేతిలో లేక తప్పించుకున్నాను.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. పార్ట్‌టైమ్ ఉద్యోగం నాకు జూలై దాకా దొరకలేదు. అప్పట్లో ఏడాదికి 120 పూర్తి రోజులే పని చెయ్యనిచ్చేవారు, 2024 మార్చిలో 140 చేశారు. నాకు రోజుల కొరత కాదు, భాష కొరత. ఆ తొమ్మిది నెలలు నెల మొదట్లో 934 పడుతూనే ఉంది. అద్దె, బీమా, ఫ్లాట్‌కి 18.36 చొప్పున రేడియో టీవీ రుసుములో నా వంతు పోగా మిగిలినదాంట్లో సర్దుకోవడం వచ్చింది. రెండో ఏడాది పర్మిట్ పొడిగించేటప్పుడు మళ్లీ డబ్బు రుజువు అడిగారు. వర్కింగ్ స్టూడెంట్ కాంట్రాక్టు, జీతం చీటీలు చూపిస్తే సరిపోయింది, బ్లాక్డ్ ఖాతా అక్కర్లేకపోయింది. కుళాయి లేని ఆ మొదటి నెల జీతం 19వ తేదీకల్లా అయిపోయిందన్న సంగతి మా నాన్నకి ఇప్పటికీ తెలియదు.

తెరవమంటారా అంటే, చాలామందికి వేరే దారి లేదు కాబట్టి ఆ ప్రశ్నకి పెద్ద అర్థం లేదు. ఖర్చులకి సరిపడా స్కాలర్‌షిప్ ఉన్నవాళ్లకి అక్కర్లేదు. జర్మనీలోనే ఉంటూ మీ ఖర్చు తనదని అక్కడి ఆఫీసులో రాసిచ్చే బంధువు ఉంటే ఆ దారి చూడండి, కానీ అది ఆ బంధువు మెడకి చుట్టుకునే కాగితం, మొహమాటపెట్టి రాయించుకునేది కాదు. బయల్దేరే ముందే హాస్టల్ గది ఖాయమైనవాళ్లకి నా 41 రోజులు పదో పన్నెండో అవుతాయి, వాళ్లకి ఈ కోపమంతా అతిగా అనిపిస్తుంది. నాది లోను డబ్బు, చేతిలో ఉంటే నిలవని స్వభావం, కాబట్టి కుళాయి వల్ల నష్టం కన్నా లాభమే కాస్త ఎక్కువ జరిగిందేమో. ఇంటి ఖర్చు నడిపిన అలవాటున్నవాళ్లు నాలా అనుకోకపోవచ్చు. రెండు నెలల ఖర్చు మాత్రం ఖాతాకి బయట, కార్డులో వేసుకుని రండి.

పోయిన సెప్టెంబర్‌లో మా ఫ్లాట్‌కి ఒక జూనియర్ వచ్చాడు. "అన్నా, ముందు ఏ ఆఫీసుకి వెళ్లాలి?" అన్నాడు. సూట్‌కేసు అక్కడే పెట్టించి, టేపూ మార్కరూ చేతికిచ్చి కిందికి పంపాను. పది నిమిషాలకి ఫోన్ చేశాడు, "అన్నా, నా పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంది, ఏం రాయమంటావ్?"