ఇన్సులిన్ విడుదలకు గ్లిమిపిరైడ్ దారి మేలా, గ్లిప్టిన్ దారి మేలా?

గ్లిమిపిరైడ్, గ్లిప్టిన్లు రెండూ టైప్ 2 మధుమేహానికి వాడే మాత్రలే. క్లోమంలోని బీటా కణం ఇన్సులిన్‌ను బయటికి వదలాలంటే ముందు దానిలోకి కాల్షియం రావాలి. విశ్రాంతిలో ఉన్న కణంలో స్వేచ్ఛగా తిరిగే కాల్షియం గాఢత బయటి ద్రవంలో ఉన్నదానిలో దాదాపు పదివేల వంతు మాత్రమే కాబట్టి, కణపొరలో ద్వారాలు తెరుచుకున్న మరుక్షణం అది లోపలికి ఉరుకుతుంది. అప్పుడు ఇన్సులిన్ నిండిన రేణువులు పొరతో కలిసిపోయి ఇన్సులిన్‌ను బయటికి వదులుతాయి. సహజంగా ఆ ద్వారాలను తెరిపించేది గ్లూకోజు. అది కణంలో ఖర్చయ్యేకొద్దీ కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు పెరిగి, పొటాషియం బయటికి పోయే మార్గాలు మూసుకుంటాయి. దానితో పొర మీది విద్యుత్ స్థితి మారి కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి. గ్లూకోజు ఈ పొటాషియం మార్గాలను మూయిస్తుందని ఫ్రాన్సెస్ ఆష్‌క్రాఫ్ట్, ఆమె సహచరులు 1984లో చూపారు.

టైప్ 2 మధుమేహంలో మెట్‌ఫార్మిన్‌కు తోడుగా తరచుగా రాసే రెండు రకాల మాత్రలు ఈ క్రమంలో వేర్వేరు చోట్ల పనిచేస్తాయి. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి సల్ఫోనైల్‌యూరియాలు పొటాషియం మార్గానికి అంటుకొని దాన్ని నేరుగా మూసేస్తాయి. రక్తంలో గ్లూకోజు ఎంత ఉందన్న దానితో వాటికి పని లేదు. భోజనం ఆలస్యమైనా, ఉపవాసం ఉన్నా కాల్షియం వస్తూనే ఉంటుంది, ఇన్సులిన్ వెలువడుతూనే ఉంటుంది. చక్కెర పడిపోయే ప్రమాదం ఈ మందు పనిచేసే తీరులోనే ఉంది. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ వంటి గ్లిప్టిన్లు అలా కాదు. పేగు విడుదల చేసే జీఎల్‌పీ-1 హార్మోను త్వరగా విచ్ఛిన్నం కాకుండా అవి అడ్డుకుంటాయి. ఆ హార్మోను కణం లోపల సంకేతాలు మోసే సైక్లిక్ ఏఎంపీ అనే అణువును పెంచి, లోపలికి వచ్చిన కాల్షియానికి రేణువులు మరింత బాగా స్పందించేలా చేస్తుంది. అసలు కాల్షియం రావడానికి మాత్రం గ్లూకోజు ఉండాల్సిందే.

2019లో ప్రచురితమైన కరోలినా అధ్యయనంలో ఆరువేల మందికి పైగా రోగులను ఆరేళ్లకు మించి గమనించగా, గుండెజబ్బుల విషయంలో లినాగ్లిప్టిన్‌కూ గ్లిమిపిరైడ్‌కూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చక్కెర పడిపోయినవారు మాత్రం లినాగ్లిప్టిన్ వాడినవారిలో 10.6 శాతం, గ్లిమిపిరైడ్ వాడినవారిలో 37.7 శాతం. అందుకే ఒంటరిగా ఉండే వృద్ధులకు, వేళకు తినడం కుదరని డ్రైవర్లకు గ్లిప్టిన్ దారే మేలని నా గట్టి అభిప్రాయం. గ్లిప్టిన్లకు చక్కెర తగ్గించే శక్తి ఒక మోస్తరుగానే ఉంటుందన్నది నిజమే. ధరలో గ్లిమిపిరైడ్ ఎంతో చవకన్నదీ నిజమే, అయితే విల్డాగ్లిప్టిన్ పేటెంటు 2019 చివర్లో ముగిశాక మన దేశంలో ఆ అంతరం బాగా తగ్గింది.

ఒక చోట మాత్రం ఈ తీర్పు పూర్తిగా తిరగబడుతుంది. ఈ పొటాషియం మార్గం తయారీకి అవసరమైన కేసీఎన్‌జే11 జన్యువులో లోపంతో పుట్టిన కొందరు శిశువుల్లో పొటాషియం మార్గం ఏటీపీకి సరిగా స్పందించక తెరిచే ఉండిపోతుంది. గ్లూకోజు ఎంత పెరిగినా కాల్షియం లోపలికి రాదు. మొదలే కాని సంకేతాన్ని గ్లిప్టిన్ పెంచలేదు. సల్ఫోనైల్‌యూరియా ఆ మార్గాన్నే మూస్తుంది కాబట్టి, 2006లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఇలాంటి 49 మందిలో 44 మంది ఇన్సులిన్ ఇంజెక్షన్లు మానేసి మాత్రలతోనే సరిపెట్టుకోగలిగారు. పుట్టిన ఆరు నెలల లోపే మధుమేహం బయటపడిన బిడ్డకు, జీవితాంతం ఇన్సులిన్ తప్పదని తీర్మానించే ముందు, జన్యుపరీక్ష తప్పక చేయించాలి.